నాగక్క వంచిన గంజి

మా వీధిలో నాగక్క చేతి గంజి తాగని మనిషి లేడు. జ్వరం వచ్చి లేచినవాళ్ళకూ, బాలింతలకూ, పళ్ళూడిన ముసలివాళ్ళకూ, ముందురోజు ఎక్కువ పుచ్చుకుని పొద్దున్నే తల పట్టుకు కూర్చున్న మగవాళ్ళకూ ఆమె దగ్గర ఒకటే మందు. గంజిలో ఇంత ఉప్పు వేసి, మజ్జిగ కలిపి, ఒక ఎర్రగడ్డ నలిపి వేసి ఇస్తుంది. ఇచ్చి ఊరుకోదు, తాగేవరకు ఎదురుగా నిలబడుతుంది. నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన కొత్తలో గంజి నాకు పడదని ఒకసారి అన్నాను. "గంజి పడని జమీందారు బిడ్డను తెచ్చినారే మా మరిదికి!" అని వీధి మొత్తం వినేలా అంది. ఆనాటి నుంచి మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం, ఒకరి ఇంట్లో ఒకరం తింటూనే ఉన్నాం.

నా పేరు సుధామణి. నాగక్క మొగుడు బోరయ్య, మా ఆయనకు సొంత అన్న. రెండిళ్ళకూ మధ్య మొల ఎత్తు గోడ ఒకటే అడ్డం. ఆమె తాలింపు వేస్తే నాకు తుమ్ములొస్తాయి. కాబట్టి ఆమెను గురించి చెప్పే హక్కు నాకన్నా ఎక్కువ ఇంకెవరికీ లేదు. నాకు కోపం కొంచెం ఎక్కువని ఊళ్ళో అంటారు. అన్నవాళ్ళందరూ నా దగ్గర తిట్లు తిన్నవాళ్ళే, వాళ్ళ మాట పట్టించుకోనక్కర లేదు.

మాది పావగడ తాలూకాలో మంగళవాడ దగ్గర పల్లె. నాగక్క పక్కవీధిలో పుట్టి ఈ వీధిలో మెట్టింది. ఆమె చిన్నప్పుడు వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్ళున్నాయి. చెనిక్కాయ విత్తితే విత్తనం కూడా తిరిగి రాలేదు, రాగులు మోకాలెత్తుకు లేచి ఎండిపోయాయి. ఆ రోజుల్లో ఊళ్ళో దినమూ వరిబువ్వ ఉడికే ఇల్లు ఒక్కటే ఉండేది. మిగతా ఇళ్ళలో బువ్వ అంటే పండగనాడు, లేదంటే పెద్ద జబ్బు చేసినప్పుడు. ఆ పెద్దింటి దొడ్డివాకిట్లో పొద్దున్నే పిల్లలు చెంబులు పట్టుకుని నిలబడేవాళ్ళు, గంజి కోసం.

ఆ వరసలో నాగక్క అందరికన్నా చిన్నది. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడేది మారెమ్మ. మారెమ్మ ఆమెకు చుట్టం కాదు, కులం కూడా కాదు. అప్పటికే కూలికి పోయే వయసు పిల్ల. పెద్దవాళ్ళ తోపులాటలో ఈ చిన్నదాన్ని తొక్కేస్తారని ముందు నిలబెట్టుకునేది. గంజి చాలకపోతే తన చెంబులోది దీని చెంబులోకి వంచేది. ఒకరోజు ఆ ఇంటామె "ఈపొద్దు గంజి లేదు పోండి" అని, వాళ్ళ కళ్ళ ముందే కుండ ఎత్తి ఎనుముల కుడితి తొట్టిలో పోసింది. పాలిచ్చే ఎనుము మరి. ఆకలికన్నా ఆ మాటే ఎక్కువ కాలిందని నాగక్క నాకు చాలాసార్లు చెప్పింది. తన పొయ్యి మీద బువ్వ ఉడికిన దినం, అడిగినవాళ్ళకు గంజి లేదనే మాట తన నోట రాకూడదని అప్పుడే అనుకుందట.

ఇన్నేళ్ళలో నిజంగానే రాలేదు. తర్వాత రోజులు మారాయి. బోరయ్య బావ ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు చెనిక్కాయ, రాగులు, కంది పండించాడు. ఆ తర్వాత సోలార్ వచ్చింది. మా రెండిళ్ళ భూమీ బాడుగకు పోయింది. చెనిక్కాయ చేలున్న చోట ఇప్పుడు కనుచూపు మేర ప్లేట్లు. బావ తన భూమికే కంచె బయట కాపలా కాసే వాచ్‌మన్ ఉద్యోగం చేస్తున్నాడు. యూనిఫారం వేసుకుని కుర్చీలో కూర్చుంటాడు. ఆయనకు అది నచ్చిందో లేదో ఆయనకే తెలీదు.

భూమి ఉన్నవాళ్ళకు బాడుగైనా వచ్చింది. కలుపు తీసి, కాయ కోసి బతికిన మారెమ్మ లాంటివాళ్ళకు ఏమొచ్చింది? ప్లేట్ల కింద నీడ వచ్చింది, ఆ నీడలోకి పోకుండా కంచె వచ్చింది. ఈ మాట నేను గ్రామసభలోనే లేచి అన్నాను. మా ఆయన హనుమంతరాయ నా చీర కొంగు పట్టి కూర్చోబెట్టాడు.

భూమి పోయాక మా తిండి మారిపోయింది. దీన్ని ఎవరూ గమనించలేదు, నేను కూడా. పండించినప్పుడు గంపల్లో రాగులుండేవి, వాటిని తినేవాళ్ళం. ఇప్పుడు అన్నీ కొనేవే. కొనేటప్పుడు రాగులెవరు కొంటారు? బువ్వ పెద్దింటోళ్ళ తిండి అని చిన్నప్పటి నుంచీ నోరూరి ఉన్నవాళ్ళం కదా, మూడు పూటలా బువ్వే మొదలుపెట్టాం. సంగటి కెలికే కట్టె మా ఇంట్లో బట్టలారేసుకునే దండేనికి ఆనుడు కర్ర అయింది.

నాగక్క మాత్రం కుక్కర్ ముట్టలేదు. కూతురు సుమ కొనిచ్చిన కుక్కర్‌ను అట్టపెట్టెతో సహా అటక మీద పెట్టింది. కుక్కర్‌లో వండితే గంజి రాదు. గంజి రాకపోతే మారెమ్మకు ఏమిస్తుంది? దినమూ పొద్దున మారెమ్మ చెంబు పట్టుకుని వచ్చేది. నాగక్క ఆమెను వాకిట్లో నిలబెట్టేది కాదు, అరుగు మీద కూర్చోబెట్టి మామిడికాయ ఊరగాయ నంజుకు ఇచ్చి పోసేది. ఇద్దరూ ఊళ్ళో అందరి మీదా చాడీలు చెప్పుకునేవాళ్ళు. అందులో నా వంతు కూడా ఉండేదని నాకు తెలుసు.

సుమ ఒక్కతే కూతురు. మొగుడు నందీశ్‌తో బెంగళూరులో ఉంటుంది. మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పాక నాగక్క మొక్కని దేవుడు లేడు. ఏడో నెలలో సీమంతం చేసి పిల్చుకొచ్చారు. కూతురు తన ఇంట్లో, తన చేతి కూడు తిని, పండంటి బిడ్డను ఎత్తుకోవాలి. నాగక్కకు ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

బోరయ్య బావ సంబరం బావది. కాన్పుకూ, ఆ తర్వాత నామకరణానికీ కలిసొస్తాయని, పావగడ సంతకు లారీలో వచ్చిన సన్నబియ్యం మూడు మూటలు దింపించాడు. లారీవాడు ఏ ఊరివాడో, బియ్యం ఏ ఊరివో అడగలేదు. పిడికిట్లో పోసుకుని చూశాడు, మల్లెమొగ్గల్లా ఉన్నాయి, చాలనుకున్నాడు.

అల్లుడు నందీశ్ పని బెంగళూరులో తిండి గింజలు, పాలు, నూనెలు పరీక్ష చేసే ఒక చోట. మంచివాడే, కాకపోతే గ్లాసు నీళ్ళిచ్చినా వెలుతురుకు ఎత్తి చూస్తాడు. మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాడు కాబట్టి తప్పు పట్టలేం. మా తరం పళ్ళ మీద మరకలన్నీ ఆ బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ పెట్టినవే. అందుకే ఇప్పుడు ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు మోసుకొస్తాం. నీళ్ళలో చేటు ఉంటుందని మాకు తెలుసు. బియ్యంలో అయితే రాళ్ళుంటాయి, పురుగులుంటాయి, ఏరి పారేస్తాం. అంతకు మించి ఏముంటుంది?

సీమంతం అయ్యాక తిరిగి పోతూ నందీశ్ లారీ బియ్యం గుప్పెడు, సొసైటీ అంగడి రేషన్ బియ్యం గుప్పెడు విడివిడిగా కట్టించుకున్నాడు. అత్తగారింటి నుంచి అల్లుళ్ళు తియ్యటి ఓళిగలు తీసుకుపోతారు, ఈయన వట్టి బియ్యం తీసుకుపోతున్నాడని నేను ఎగతాళి చేశాను. నవ్వాడు.

కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. మా మిద్దె మీద అయితే సిగ్నల్ బాగుంటుందని అందరం పైకెక్కాం. బావ ఫోన్ పెద్దగా పెట్టాడు.

"మామా, ఆ లారీ బియ్యంలో ఆర్సెనిక్ ఉండాది. ఉండొచ్చు అనే దానికన్నా ఎక్కువే ఉండాది."

"అదేందప్పా అది? పురుగుమందా?"

"కాదు మామా. మనవాళ్ళు పాషాణం అంటారే, అదే. కొన్ని చోట్ల భూమిలోనే ఉంటాది. బోరునీళ్ళతో పైకొస్తాది. వరి నీళ్ళలో నిలబడి పెరుగుతాది కదా, అది పీల్చుకుంటాది."

"బియ్యం తెల్లగా ఉండాయి కదప్పా!"

"కంటికి తెలీదు మామా, నాలికకూ తెలీదు. ఈపొద్దు తిని రేపు పడిపోయేది కాదు. ఏండ్లకేండ్లు తింటే చేటు. సుమ కడుపుతో ఉండాది, లోపలి బిడ్డకు ఆ కొంచెం కూడా వద్దు. సొసైటీ బియ్యం బాగుండాయి, అవి వండండి. రాగులు, జొన్నలు ఎక్కువ పెట్టండి, మెట్టపైరు వరి మాదిరి పీల్చదు. బియ్యం మార్చేవరకు బాగా కడిగి, ఎసరు మెండుగా పెట్టి, ఉడికినాక నీళ్ళు వంచి పారబోయండి. సగం దాకా పోతాది."

ఇంత స్పష్టంగా చెప్పాడు. దీనిలో మేము విన్నది ఎంత? మనుషులు వినాలనుకున్న సగమే వింటారు, మిగతా సగం మిద్దె మీద గాలికి వదిలేస్తారు.

సొసైటీ బియ్యం వండాలనే మాట బోరయ్య బావ చెవికి ఎక్కలేదు. "కాన్పుకొచ్చిన బిడ్డకు ఊరక ఇచ్చే లావుబియ్యం బువ్వ పెడితే ఊరోళ్ళు నా మొగాన ఉమ్మెయ్యరా?" అన్నాడు. ఆ నెల సొసైటీ బియ్యం అప్పటికే దోసెపిండికి నానాయి కూడా. రాగుల మాట సుమకు ఎక్కలేదు, బెంగళూరులో సంగటి మానేసి చాలా రోజులైంది. ఇక నాగక్కకు ఎక్కింది ఒక్కటే, ఎసరు మెండుగా పెట్టి వంచమన్నది.

ఆమె ఆనందం చూడాలి. మిద్దె మీద నుంచి దిగుతూనే నా మీద పడింది. "చూసినావా సుధా? కుక్కర్ లేకపోతే నాగరికం లేదంటివే. ఇప్పుడు చదువుకున్న అల్లుడే చెప్తాండాడు, వంచుకోని తినమని. నేను పుట్టినప్పటి నుంచీ చేసేది ఏంది?" ఆరోజు నుంచి పెద్ద తప్పేల పొయ్యెక్కింది. నీళ్ళు మెండుగా పోసేది, బియ్యం బాగా కడిగేది. నీళ్ళు ఎక్కువ కాబట్టి గంజీ ఎక్కువ వచ్చేది.

పారబోయండి అని అతను అన్న మాట మేమందరం విన్నాం. కానీ మా ఊళ్ళో గంజి పారబోయడమనే పని ఒకటి లేదు. మురిక్కాలవలో స్నానం నీళ్ళు పోస్తాం, గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తాం. గంజి మనిషికి, మనిషి వద్దంటే పశువుకు. ఎరగనివాళ్ళు ఏదో అంటారులే అన్నట్టు ఆ మాట మా మీద నుంచి జారిపోయింది.

దినమూ పొద్దున మొదటి గ్లాసు సుమకు. నాగక్క ఎదురుగా నిలబడి తాగించేది. "బిడ్డకు బలం" అనేది. తర్వాత మారెమ్మకు చెంబు నిండా. సుమ మొహం నున్నగా అయింది, పావగడలో డాక్టరమ్మ బిడ్డ బాగుందంది. అంతా తన గంజి మహిమేనని నాగక్క నాతో అనని రోజు లేదు.

ఒక ఆదివారం నందీశ్ చెప్పకుండా వచ్చాడు. పది గంటల ఎండలో బస్సు దిగి నడిచొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నేను గోడ మీద పిండి గిన్నె పెట్టి మాట్లాడుతున్నాను. నాగక్క లోపల్నుంచి పెద్ద గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను సగం గడగడా తాగి మూతి తుడుచుకున్నాడు.

"మజ్జిగ భలే ఉండాది అత్తమ్మా. ఇంత చిక్కగా ఎట్ల చేస్తారు?"

"వట్టి మజ్జిగ కాదు నాయనా, గంజి కలిపినా. మీరు చెప్పినట్లే ఎసరు మెండుగా పెట్టి వంచినా. సుమకు దినమూ ఇదే ఇస్తాండాను."

అతను గ్లాసు కింద పెట్టాడు. "లారీ బియ్యమా?" అన్నాడు.

"ఆ. ఇంకో రెండు మూటలు ఉండాయి కదా."

"అత్తమ్మా, బియ్యంలో ఉండేది ఆ నీళ్ళలోకే దిగుతాది. అందుకే కదా వంచమన్నది. పారబోయమన్నా కదా!"

"గంజి పారబోసేది ఏంది నాయనా?" అంది నాగక్క.

ఎదురు చెప్పాలని అన్న మాట కాదు అది. ఆమెకు నిజంగా అర్థం కాక అడిగింది.

గడపలో నిలబడ్డ సుమ మొత్తం వింది. కడుపు మీద రెండు చేతులూ వేసుకుంది. "ఇన్ని దినాలూ నాకు అదే తాగిస్తివా? వద్దన్నా నిలబడి తాగిస్తివి కదమ్మా. ముందొకటి పోయింది చాలలేదా?" అని ఏడ్చింది. నందీశ్ లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. ఇది కొన్ని రోజుల్లో కొంప ముంచేది కాదని, డాక్టరమ్మకు చెబుదామని, ఇక నుంచి ఆపేస్తే చాలని నెమ్మదిగా చెప్పాడు. అరవలేదు, అత్తను ఒక్క మాట అనలేదు. సుమ వినలేదు. వారం తిరక్కుండా బెంగళూరు పోతానంది, ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనంది. నాగక్క స్తంభం పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఆ పొద్దు వంచిన గంజి గోడ పక్కన కుండలో మూతపెట్టి ఉంది. అది మారెమ్మ వంతు. ఆదివారం ఆమె ఆలస్యంగా వస్తుంది. నందీశ్ దాన్ని చూపించి, అదేమిటని అడిగాడు. నేను చెప్పాను.

సుమ కళ్ళు తుడుచుకుంటూ అంది: "అది ఆమెకే ఇచ్చెయ్యమ్మా, పారబోసేది దేనికి? ముసలామె. ఇంకెన్నాళ్ళు బతుకుతాది, ఆమెకు ఏమైతాది?"

బావ తలూపాడు. "నిజమే కదా. ఏండ్లకేండ్లు తాగితేనే చేటు అంటిరి." నందీశ్ ఫోన్ తీసి చూసుకున్నాడు. సుమ చెడ్డపిల్ల కాదు. భయపడ్డ మనిషి తన బిడ్డ ఒక్కటే కనబడుతున్నప్పుడు అన్న మాట అది. కానీ ఆ మాట విన్న నాగక్క మొహం నేను చూశాను. కూతురు తిట్టినప్పుడు కూడా ఆమె మొహం అట్లా కాలేదు. బువ్వ మనకు, గంజి వాళ్ళకు. ఒక దొడ్డివాకిట్లో చిన్నప్పుడు తను ఏ వైపు నిలబడిందో ఆమె మరచిపోలేదు. ఇప్పుడు తను రెండో వైపు నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే మారెమ్మ వచ్చింది. చెంబు చేత్తో పట్టుకుని, "ఏమ్మే నాగీ, అల్లుడొచ్చినాడే!" అంటూ నవ్వుతూ అరుగు దగ్గరికి నడిచింది.

నాగక్క కుండ ఎత్తింది. "ఈపొద్దు గంజి లేదు మారెమ్మా" అంది.

మారెమ్మ కుండ వైపు చూసింది. నాగక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని వీధి కాలవ దాకా పోయి వంచింది. సగం ఆమె చీర మీదే పడింది. తెల్లగా, చిక్కగా, ఇంకా వెచ్చగా ఉన్న గంజి మురికి నీళ్ళలో కలిసిపోయింది. వెంటనే చెప్పాల్సిన మాట ఉంది కదా, చెప్పొచ్చు కదా? చెప్పాలంటే, ఇన్నాళ్ళూ నీకు నా చేత్తో చేటు పోశానని చెప్పాలి. మారెమ్మ నిలబడి అంతా చూసింది. ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగిపోయింది.

ఆ సాయంత్రం నేను మారెమ్మ ఇంటికి పోయి సంగతి చెప్పబోయాను. "ఎవురింట్లో గంజి వాళ్ళ ఇష్టం. నువ్వు పోమ్మే" అని తలుపు వేసుకుంది. నాకు కోపం వచ్చి తలుపు అవతల్నుంచే అరిచి వచ్చాను. దాని వల్ల ఏమీ ఒరగలేదు.

లారీ బియ్యం మూటలు కొట్టంలో పెట్టి తాళం వేశారు. బావ వాటిని సంతలో ఎవరికైనా అమ్మేద్దామన్నాడు. "నా బిడ్డకు పనికిరానిది ఇంకొకరి బిడ్డకు ఎట్ల పనికొస్తాది?" అని నాగక్క తాళంచెవి మొలలో దోపుకుంది. నందీశ్ బెంగళూరు పోయి ఫిర్యాదు పెట్టాడు. అధికారులు వచ్చి చూస్తామన్నారు. ఇంకా రాలేదు, మూటలు ఇంకా కొట్టంలోనే ఉన్నాయి.

సుమ నా ఇంట్లో తింటూ, సంచి సర్దుకుని కూర్చుంది. అమ్మతో మాటల్లేవు. సోమవారం పొద్దున్నే నాగక్క ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. నాకు అనుమానం వచ్చి వెనకే పోయి అదే బస్సెక్కాను. "నువ్వెందుకే?" అంది. "నువ్వెందుకో నేనూ అందుకే" అన్నాను. అరసికెరెలో దిగాం.

అక్కడ నరసింహప్ప అనే రైతు ఇప్పటికీ చెనిక్కాయ మధ్యలో రాగులు వేస్తాడు. నాగక్క ఆయన గంపలోని రాగులను చూసినట్టు పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా ఎవరూ చూసి ఉండరు. కులగోత్రాలన్నీ అడిగింది. ఏ చేలో పండాయి, ఏం మందు కొట్టావు, ఏ నీళ్ళు పెట్టావు?

"నీళ్ళా? వాననీళ్ళే అక్కా. నా బోరు ఎండిపోయి శానా ఏండ్లాయె" అన్నాడు నరసింహప్ప.

"ఎండిపోయిందా? మంచిదాయె" అంది నాగక్క.

బోరు ఎండితే మంచిదనే మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. నేను సంగతంతా చెప్పేసరికి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి తన ఇంట్లో ఏ బియ్యం తింటున్నారో ఆలోచనలో పడ్డాడు. బియ్యంలో ఎవరికీ ఏదీ కనబడదు. ఏ ఊరిదో అడగాలి, అనుమానముంటే పరీక్షకు పంపాలి, ఎప్పుడూ ఒక్కటే గింజ పట్టుకు వేలాడకూడదు. మా పెద్దవాళ్ళు లేక తిన్న సంగటిని మేము ఉండి మానేశాం. ఆ రాగుల్లో గుప్పెడు కూడా నాగక్క నందీశ్‌కు పంపింది. బాగున్నాయని తర్వాత కబురు వచ్చింది.

తిరిగొచ్చి ఎండలో చాప పరిచి రాగులు చెరిగింది, రాళ్ళేరింది, పావగడ మిషన్‌కు పోయి పిండి పట్టించింది. సుమ మా అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. నాగక్క తల ఎత్తలేదు. మరుసటి దినం మధ్యాహ్నం సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, తట్టలో పెట్టుకుని గోడ దగ్గరికొచ్చింది. "నా చేతిది వద్దంటే సుధమ్మ కెలికిందనుకో" అని తట్ట గోడ మీద పెట్టి, ఎదురుగా నిలబడకుండా లోపలికి పోయింది.

సుమ తట్ట ముందుకు లాక్కుంది. తర్వాత ముద్ద తుంచింది. తింటూ ఏడ్చింది. "చిన్నమ్మా, మారెమ్మవ్వ గురించి నేను అట్ల అనకుండా ఉండాల్సింది" అంది. ఈ మాట మీ అమ్మతో చెప్పు, నాకెందుకు అన్నాను. చెప్పిందో లేదో నాకు తెలీదు కానీ, ఆ రాత్రి పడక తన ఇంట్లోనే వేసుకుంది. బెంగళూరు మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నాగక్క రాగి అంబలి కాచింది. మజ్జిగ కలిపి, సుమకు ఒక గ్లాసిచ్చి, మిగతాది కుండలో పోసుకుని బయల్దేరింది. నన్ను రమ్మనలేదు, నేనే పోయాను. మారెమ్మ తన గుడిసె ముందు నేల మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది.

"ఏంటికి వచ్చినావు? గంజి కాలవలో పోసేంత పెద్దింటిదానివి అయితివి. నా తావుకు నీకేం పని?"

నాగక్క ఆమె ఎదుట కూర్చుంది. తల వంచుకుని చెప్పింది. "ఆ బియ్యంలో ఇసం ఉండాదంట మారెమ్మా. గంజిలోకి దిగుతాదంట. తెలీక ఇన్ని దినాలు నీకు పోసినా. ఆపొద్దు తెలిసినాది, అందుకే పారబోసినా. నీకు చెప్పేదానికి నోరు రాలేదు."

ఏ వయసు మనిషికైనా ఆ మాట వింటే ముందు భయమో, కోపమో వస్తుంది. మారెమ్మ మాత్రం ముందు ఇంకోటి అడిగింది.

"సుమకు కూడా పోసినావా?"

"దానికే ముందు పోసినా. తర్వాతనే నీకు."

"పారబోసినపొద్దు? దానికి దాచిపెట్టి నాకు లేదంటివా?"

"లేదు. ఇద్దరికీ లేదు."

"ఈ అంబలి?"

"ఇద్దరికీ. అది ఇప్పుడే తాగింది."

మారెమ్మ గుడిసెలోకి పోయి చెంబు తెచ్చుకుంది. నాగక్క పోసింది. ఆమె గుటక వేసి, నోట్లోనే కొంచెంసేపు ఉంచుకుని మింగింది.

"ఉప్పెక్కువ ఏసినావే దొంగముండా" అంది. "కడుపుతో ఉండేదానికి కాళ్ళు వాస్తాయి. రేపటికి తగ్గించు."

నాగక్క అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, తగ్గిస్తానంది.